గరుకు చేతులకు లేజర్ దాకా వెళ్లాలా?

గడివేములలో ఇలాంటి ఇల్లొకటి ఊహించుకోండి. పెద్దమ్మాయి నంద్యాలలో డిగ్రీ చదువుతోంది. మే నెల ఎండల్లోనూ పొడుగు చేతుల చుడీదారే వేసుకుంటుంది. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. భుజం కింద నుంచి మోచేతి దాకా, వెనకవైపు చెయ్యి పెట్టి నిమిరితే బియ్యపు రవ్వ చల్లినట్టు గరుగ్గా తగులుతుంది. తొడల మీదా అంతే. నొప్పి లేదు. దురద కూడా లేదు. చిన్నప్పుడు వాళ్ల అవ్వ ''చలికి వచ్చిందిలే పాపా, సున్నిపిండి పెట్టి రుద్దుకో, అదే పోతాది'' అనేది. రుద్దింది. సున్నిపిండితో పోకపోతే పీచుతో, పీచుతో పోకపోతే రాయితో. చర్మం ముందు ఎర్రబడింది, ఆ తర్వాత నల్లబడింది. బుడిపెలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఎవరో చుట్టాలావిడ చెప్పింది... పట్నంలో లేజర్ పెడితే చర్మం అద్దంలా అవుతుందట, ఆరు సిట్టింగులు చాలట. ''చేతులకు ఇంత ఖర్చేందబ్బా'' అంటాడు తండ్రి. శనగలు అమ్మిన డబ్బు ఇంకా చేతికి రాలేదు. ''పాప బాధ చూడలేకున్నా'' అంటుంది తల్లి. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. పెళ్లీడు పిల్ల ఎండల్లో చేతులు దాచుకుని తిరగడం చిన్న బాధేమీ కాదు. కానీ డబ్బు కట్టే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. అసలా బుడిపెలు ఏమిటి?

పైన చెప్పిన లక్షణాలన్నీ ఉంటే అది చాలావరకు 'కెరటోసిస్ పైలారిస్'. ఇంగ్లిషువాళ్లు వాడుకలో 'చికెన్ స్కిన్' అంటారు. ఈకలు పీకిన కోడి తోలు గుర్తుకు తెచ్చుకుంటే పేరు ఎందుకొచ్చిందో ఇట్టే తెలిసిపోతుంది. మన ఒంటి మీద ప్రతి వెంట్రుకా ఒక చిన్న గుంటలోంచి మొలుస్తుంది. గోళ్లలో, జుట్టులో ఉండే కెరటిన్ అనే మాంసకృత్తి ఆ గుంట మూతి దగ్గర పేరుకుపోయి బిరడాలా బిగుసుకుంటుంది. దాని కింద వెంట్రుక బయటికి రాలేక చుట్ట చుట్టుకుని ఉండిపోతుంది. ఒక్కో బుడిపె అలా మూతపడిన ఒక్కో గుంట అన్నమాట. అంటువ్యాధి కాదు. మురికి వల్ల రాదు. రక్తం చెడటం అసలే కాదు. యుక్తవయసు పిల్లల్లో సగానికి పైగా, పెద్దవాళ్లలో పదిమందిలో నలుగురికి దాకా ఉంటుందని వైద్యగ్రంథాలు చెబుతాయి. మరి ఇంతమందికి ఉంటే కనిపించదేం అంటారా? అందరూ పొడుగు చేతులే వేసుకుంటారు కాబట్టి!

ఇది వంశంలో వచ్చే గుణం. తల్లిదండ్రుల్లో ఒక్కరికున్నా పిల్లలకు రావచ్చు. చిన్నతనంలో మొదలై, పద్నాలుగు పదిహేనేళ్లప్పుడు ఎక్కువై, ముప్పై దాటాక చాలామందిలో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. ఒళ్లు పొడిబారే తత్వం ఉన్నవాళ్లకు, ఉబ్బసమో ఎగ్జిమానో ఉన్నవాళ్లకు కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. చలికాలంలో ముదురుతుంది కాబట్టి అవ్వ చెప్పిన దాంట్లో సగం నిజమే. గడివేముల ప్రాంతానికి ఇంకో తంటా ఉంది. సిమెంటు ఫ్యాక్టరీ పెట్టేంత సున్నపురాయి ఉన్న నేల అది. అలాంటి నేలలో బోరు నీళ్లు కఠినంగా ఉండటం మామూలే. సబ్బు సరిగా నురగ రాదు. రాలేదని ఇంకా ఎక్కువ రుద్దుతారు. కడిగాక ఒంటి మీద తెట్టులా మిగిలిపోయి చర్మాన్ని మరింత ఎండబెడుతుంది.

గోదురుకప్ప తోలు... కుసుమ నూనె

అవ్వల కాలంలో ఇలాంటి గరుకు చర్మానికి ఇంకో కారణం ఉండేది. అది తిండి. మోచేతుల మీద, మోకాళ్ల మీద, పిరుదుల మీద ముళ్లలా గట్టిగా పొడుచుకొచ్చే బుడిపెలు... ముఖ్యంగా బడికెళ్లే వయసు పిల్లల్లో. లూసియస్ నికోల్స్ అనే వైద్యుడు 1933లో 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో దీని గురించి రాస్తూ 'ఫ్రినోడెర్మా' అని పేరు పెట్టాడు. గ్రీకులో ఫ్రినోస్ అంటే గోదురుకప్ప. మొదట్లో ఎ విటమిన్ లోపమే దీనికి మూలమనుకున్నారు. అసలు సంగతి అంత తేలిక కాదని తేల్చడంలో మన హైదరాబాద్‌కు పెద్ద పాత్ర ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న పరిశోధనాలయం ఇక్కడే తార్నాక దగ్గర ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు భట్, బెలవాడి 1967లో ఈ రోగుల రక్తంలోని కొవ్వు ఆమ్లాల మీద పరిశోధన ప్రచురించారు. నూనెల్లో దొరికే లినోలెయిక్ ఆమ్లం, బి కాంప్లెక్స్ విటమిన్లు, ఇ విటమిన్... వీటికి ఈ జబ్బుతో ఉన్న సంబంధం మీద అదే సంస్థలో ఏళ్ల తరబడి పని జరిగింది.

లినోలెయిక్ ఆమ్లం పుష్కలంగా ఉండే నూనెల్లో కుసుమ నూనెది ముందు వరస. రాయలసీమ నల్లరేగడి రైతుకు కుసుమ కొత్త పంటేమీ కాదు. పశువులు మేయకుండా చేను గట్టున ముళ్ల కుసుమ వేయడం పాతవాళ్లకు తెలిసిందే. ఆ కుసుమలోనే గోదురుకప్ప చర్మానికి మందు ఉందన్నమాట! ఇప్పుడు వంటింట్లో నూనెకు కరువు లేదు. ఈ జబ్బు బాగా తగ్గింది కూడా. అయినా పూర్తిగా పోలేదు. పిల్లలు సన్నబడి, మోచేతులు మోకాళ్లు ముళ్లు తేలి ఉంటే లేజర్ గురించి ఆలోచించకండి. ముందు కంచంలో ఏముందో చూడాలి. రేచీకటి ఉందా, నోటి మూలలు పగులుతున్నాయా అని డాక్టరు అడుగుతాడు. పాలు, గుడ్డు, ఆకుకూర, పప్పు, రెండు చెంచాల మంచి నూనె, అవసరమైతే విటమిన్ మాత్రలు. ఈ వైద్యానికి పెద్ద ఖర్చు లేదు.

గరుగ్గా కనిపించేవన్నీ ఈ రెండే అనుకున్నా పొరపాటే. ముంగాళ్ల మీద, వీపు పైభాగాన గోధుమరంగులో నీటి అలల్లా వరసలు కట్టి, విపరీతంగా దురద పెట్టే బుడిపెలు నడివయసు వాళ్లలో చాలా చూస్తాం. దాన్ని అమిలాయిడోసిస్ అంటారు. పేరు విని కంగారు పడాల్సిన పని లేదు, ఇది చర్మానికే పరిమితమయ్యే రకం. నైలాన్ పీచుతో ఏళ్ల తరబడి వీపు తోమడం దీనికి ఒక కారణమని వైద్యులు గుర్తించారు. అంగడిలో దొరికే ఆ రంగురంగుల పీచు ఇంట్లో ఉంటే గిన్నెలకు వాడుకోండి. మెడ వెనక నల్లగా, మఖమల్ గుడ్డలా మందంగా మారితే చర్మం కంటే ముందు రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి. ఆ నలుపు మధుమేహానికి ముందస్తు కబురు కావచ్చు. చెవి తమ్మెలు మందమై బుడిపెలు తేలినా, ఎక్కడైనా స్పర్శ తెలియని మచ్చ ఉన్నా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. అది కుష్టు అయితే పరీక్షా మందులూ ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, పూర్తిగా నయమవుతుంది. పసిపిల్లలకు ముక్కుకు అటూ ఇటూ ఎర్రటి గట్టి పొక్కులు వచ్చి, ఎప్పుడైనా ఫిట్స్ కూడా వచ్చి ఉంటే అవి మొటిమలని వదిలేయకూడదు. ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యుజబ్బుకు అవి గుర్తు కావచ్చు. మెదడు, మూత్రపిండాలు చూపించాలి.

ఇలాంటి ఏ ఒక్కటైనా పేరు తెలియకుండా పైపైన కాల్పించేసుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

లేజర్ ఏం చేస్తుంది?

థియోడర్ మైమన్ అమెరికాలో మొదటి లేజర్‌ను వెలిగించింది 1960లో. చర్మ వైద్యులు ఇప్పటికీ ఎక్కువగా నమ్ముకునే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో కనిపెట్టింది మాత్రం మనవాడే... మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన చంద్రకుమార్ పటేల్. 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు వైద్యులు ఇంకో కీలకమైన సూత్రం చెప్పారు. లేజర్ అంటే ఒకే రంగు కాంతి కదా. చర్మంలో ఏ పదార్థం ఆ రంగును తాగుతుందో అదే వేడెక్కుతుంది, పక్కనున్నవి మిగిలిపోతాయి. కాబట్టి కావలసిన రంగును, తగినంత తక్కువ సమయాన్ని ఎంచుకుంటే కోరిన దాన్నే కొట్టవచ్చు.

585 నుంచి 595 నానోమీటర్ల పసుపు కాంతిని రక్తం తాగుతుంది. గరుకు చర్మం చుట్టూ ఉండే ఎర్రదనానికి అది పనిచేస్తుంది. 755, 810, 1064 నానోమీటర్ల కాంతి వెంట్రుక కుదురులోని నల్లరంగును వెతుక్కుంటూ వెళుతుంది. చుట్టచుట్టుకున్న వెంట్రుకే పోతే బుడిపె కొంత అణుగుతుంది. 10,600 నానోమీటర్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ నీటిని ఆవిరి చేస్తుంది కనుక చర్మాన్ని పొరలు పొరలుగా లేపేస్తుంది. అంటే 'లేజర్' అన్నది ఒక్క మందు పేరు కాదు. 'మాత్ర వేసుకున్నాను' అంటే ఏ మాత్ర అని అడుగుతాం. లేజర్ దగ్గరా అదే అడగాలి.

చిక్కల్లా మన చర్మం రంగుతోనే. వెంట్రుకలోని నల్లరంగును కొట్టడానికి వచ్చిన కాంతికి దారిలో చామనఛాయ చర్మంలోని నల్లరంగు అడ్డం పడుతుంది. సగం అక్కడే ఇంకిపోయి పైచర్మం కాలుతుంది. తర్వాత నెలల తరబడి నల్లమచ్చ మిగులుతుంది. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే వైద్యుడు మొదలుపెట్టిన వర్గీకరణను ఇప్పుడు ఆరు తరగతులుగా వాడుతున్నారు. ఎండకు వెంటనే కందిపోయే తెల్లతోలు ఒకటో తరగతి. మన తెలుగువాళ్లలో ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతుల్లో ఉంటారు. లోతుకు వెళ్లి, పైరంగును తక్కువ తాకే 1064 నానోమీటర్ల యాగ్ లేజర్ మనకు కొంత మేలు అనడానికి కారణం ఇదే.

ఇంతకీ పరీక్షల్లో ఏం తేలింది? షికాగో వైద్యులు 2015లో ప్రచురించిన పరీక్ష ఒకటుంది. 23 మంది చేరారు, 18 మంది చివరిదాకా ఉన్నారు. ఒక చేతికి 810 నానోమీటర్ల డయోడ్ లేజర్ మూడుసార్లు, నాలుగైదు వారాల ఎడంతో పెట్టి, రెండో చేతిని అలాగే వదిలేశారు. లేజర్ పెట్టిన చేతికి గరుకుదనం తగ్గింది. ఎర్రదనం మాత్రం తగ్గలేదు. ఆ పరీక్షకు తీసుకున్నదంతా ఒకటి నుంచి మూడో తరగతి చర్మం వాళ్లనే. అంటే గడివేముల అమ్మాయి చేతికి ఆ లెక్క నేరుగా వర్తించదు. మనకు దగ్గరి చర్మం మీద చేసింది థాయ్‌లాండ్‌వాళ్లు. 2016లో ప్రచురించారు. 20 మందికి ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఒక్కసారి పెట్టి 12 వారాలు చూశారు. పదిమందిలో ముగ్గురికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది. నలుగురికి నల్లమచ్చలు తేలాయి. 'అద్దంలా అవుతుంది' అన్న మాటకూ ఈ అంకెలకూ మధ్య దూరం ఎంతో చూడండి.

ఇంకో సంగతి. లేజర్ పెట్టినా కెరటిన్ బిరడాలు కట్టే గుణం చర్మంలో అలాగే ఉంటుంది. వెంట్రుక పోయినచోట కొంత లాభం నిలవవచ్చు, మిగతాచోట్ల నెమ్మదిగా మళ్లీ తేలుతుంది.

అలాగని లేజర్‌ను తీసిపారేయడానికీ లేదు. బుగ్గల మీద, మెడ మీద నువ్వుగింజల్లా తేలే నల్ల బుడిపెలు, కనురెప్పల కింద వచ్చే చెమటగ్రంథుల బుడిపెలు, ముక్కు ఉబ్బి గడ్డలు కట్టే రైనోఫైమా, ఇందాక చెప్పుకున్న ట్యూబరస్ స్క్లెరోసిస్ పొక్కులు... వీటికి అనుభవమున్న చేతిలో లేజర్ మంచి పనిముట్టే. నల్ల బుడిపెలకైతే తక్కువ ఖర్చులో అయిపోయే కరెంటు సూది కూడా అంతే బాగా పనిచేస్తుంది. గరుకు చేతుల దగ్గరికి వచ్చేసరికే లేజర్ వరసలో చివర నిలబడుతుంది.

మరి ముందు నిలబడేవి ఏవి? క్రీములు. వింటే నీరసం వస్తుంది గానీ పని చేసేవి అవే. యూరియా 10 నుంచి 20 శాతం ఉన్న క్రీము, 12 శాతం లాక్టిక్ ఆమ్లం ఉన్న లోషన్, శాలిసిలిక్ ఆమ్లం, రాత్రిపూట ట్రెటినాయిన్ లేదా అడాపలీన్. ఏది, ఎంత అన్నది డాక్టరు నిర్ణయించాలి. గర్భిణులు ట్రెటినాయిన్ లాంటివి వాడకూడదు. వాడే పద్ధతి ముఖ్యం. గోరువెచ్చని నీళ్లతో అయిదారు నిమిషాల్లో స్నానం ముగించి, తువ్వాలుతో అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే మూడు నిమిషాల లోపు రాసుకోవాలి. ఆరిపోయాక రాస్తే సగం ఫలితమే. వాడటం మొదలుపెట్టాక మార్పు చేతికి తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మానేస్తే మళ్లీ వస్తుంది. పళ్లు తోముకున్నట్టు దీన్ని రోజువారీ పనుల్లో కలిపేసుకున్నవాళ్లే నెగ్గుతారు. రాయి, గరుకు పీచు, నిమ్మకాయ చెక్క... వీటికి సెలవు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. మందుల షాపులో 'చర్మానికి మంచిది ఇవ్వన్నా' అని అడిగితే చేతికొచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వారంలో చర్మం నున్నగా, తెల్లగా కనిపిస్తుంది. తర్వాత పలచబడి, చారలు పడి, ముఖానికైతే మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. ఈ గోల చూసే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. అడిగితే ఇచ్చే షాపులు ఇంకా ఉన్నాయి కాబట్టి అడక్కుండా ఉండటం మన చేతిలో ఉంది.

మూడు నాలుగు నెలలు క్రీములు వాడినా తృప్తి కలగక, డబ్బుకు ఇబ్బంది లేక, లేజర్‌కే వెళ్లాలనుకుంటే వెళ్లవచ్చు, తప్పేమీ లేదు. మిషను పట్టుకునేది చర్మవ్యాధుల్లో పీజీ చేసిన డాక్టరా, లేక రెండు వారాల శిక్షణ పొందినవారా అని అడగండి. ఏ లేజర్, ఎన్ని నానోమీటర్లు, చామనఛాయ చేతుల మీద ఎంతమందికి పెట్టారు అనీ అడగండి. ముందు చేతి వెనక రూపాయి బిళ్లంత చోట పెట్టి, నెలా రెండు నెలలు ఆగి చూడమనండి. అందుకు ఒప్పుకోక ఆరు సిట్టింగుల డబ్బు ముందే కట్టమంటే లేచి వచ్చేయడం మంచిది. ఇక ఎండ సంగతి. గడివేముల మండలంలోని గని, పక్కనే ఉన్న శకునాల దగ్గర 2017లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు సిద్ధమైంది. అంత ఎండ ఉన్న నేల అది. ఎండకు నల్లబడిన చర్మం మీద లేజర్ పెడితే కాలిన మచ్చలు పడే భయం ఎక్కువ. పెట్టించుకున్నాక కూడా వారాల తరబడి ఎండ తగలకూడదు. చేలో కూలికి వెళ్లే ఆడపిల్లకు, ఎండలో బస్సు కోసం నిలబడే కాలేజీ పిల్లకు వేసవిలో లేజర్ పెట్టమని ఏ మంచి డాక్టరూ చెప్పడు.

ఇదంతా తేల్చుకోవడానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో చర్మవ్యాధుల విభాగం ఎన్నాళ్ల నుంచో ఉంది. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. జబ్బు పేరు తెలుసుకోవడానికి అవుట్ పేషెంట్ చీటీ ఒక్కటి చాలు.

మళ్లీ ఆ ఇంటికి వద్దాం. తండ్రీ కూతురూ ఓ సోమవారం నంద్యాల వెళ్లారనుకోండి. డాక్టరు అమ్మాయి చేతిని వెలుతురులో పక్కకు తిప్పి చూస్తాడు, వేలితో నిమురుతాడు, ఉబ్బసం ఉందా, ఒళ్లు పగులుతుందా అని రెండు ప్రశ్నలు అడుగుతాడు. ఆ తర్వాత పక్కన కుర్చీలో కూర్చున్న తండ్రిని చొక్కా చెయ్యి పైకి మడవమంటాడు. ఆయన కాస్త బిడియపడుతూ మడుస్తాడు. భుజం కింద, వెనకవైపు, అదే బియ్యపు రవ్వ. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ గమనించలేదు, ఆయనతో సహా.